ఇంటి కంప్యూటరుకు కాపలా ఎవరు?

అద్దాల మేడల్లో అడుగడుగునా తనిఖీ - ఊళ్లో ఇంటికి మాత్రం తలుపులు బార్లా

నానక్‌రామ్‌గూడ: ఔటర్ రింగు రోడ్డు దిగి నానక్‌రామ్‌గూడ వైపు మళ్లితే రెండు పక్కలా అద్దాల మేడలే కనిపిస్తాయి. ఒకప్పుడు ఇది బండరాళ్ల గుట్టల నడుమ ఉన్న చిన్న ఊరు. రామానాయుడు స్టూడియో వచ్చాక సినిమావాళ్ల నోళ్లలో నానింది. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు పేరుతో దేశమంతటికీ తెలిసింది. అమెజాన్ కంపెనీ 15 వేల మంది కూర్చుని పనిచేసే భవనాన్ని 2019 ఆగస్టులో ప్రారంభించింది ఇక్కడే.

ఈ మేడల్లోకి ఎవరు పడితే వారు వెళ్లలేరు. గేటు దగ్గర కాపలావాళ్లు ఉంటారు. మెడలో కార్డు లేనిదే తలుపు తెరుచుకోదు. లోపలి కంప్యూటర్ల కాపలాకైతే ప్రత్యేకంగా ఒక విభాగమే పనిచేస్తుంది. ఉద్యోగి తన ఇష్టం వచ్చిన పెన్‌డ్రైవు తెచ్చి గుచ్చడానికి చాలాచోట్ల వీలు లేదు.

అక్కడ పనిచేసే కుర్రాళ్లలో చేవెళ్ల, శంకరపల్లి, షాబాద్, యాచారం వైపు ఊళ్ల వాళ్లూ ఉన్నారు. జీతం చేతికందాక తమ్ముడి చదువుకో, చెల్లెలి పోటీ పరీక్షలకో ఒక కంప్యూటరు కొని ఇంటికి పంపుతారు. కొందరు తాము వాడిన పాత లాప్‌టాప్‌నే బస్సులో తీసుకెళ్లి ఇస్తారు. ఊళ్లో ఆ యంత్రం మీదనే ఫీజు కడతారు, హాల్ టికెట్టు తీసుకుంటారు, భూమి వివరాలు చూసుకుంటారు, బ్యాంకు ఖాతా తెరుస్తారు. పెళ్లి ఫొటోలూ, సర్టిఫికెట్లూ అన్నీ అందులోనే. కంపెనీలో ఉన్న కాపలా మాత్రం ఆ యంత్రంతోపాటు ఊరికి రాదు.

అందుకే చాలామంది దుకాణానికి వెళ్లి మొదట అడిగే మాట: 'ఏ ఆంటీవైరస్ మంచిది?' అసలు అంతకంటే ముందు అడగవలసిన మాట మరొకటి ఉంది. ఇంట్లో యంత్రానికి ఇప్పటికే ఉన్న కాపలా మేలుకొని ఉందా, నిద్రపోతోందా?

లాహోర్ నుంచి మొదలు

వైరస్ అంటే గాలిలో తిరిగే పురుగేమీ కాదు. అది మనిషి రాసిన ప్రోగ్రాం. ఇతరుల కంప్యూటరులోకి చొరబడి, తనలాంటివే మరికొన్ని ప్రతులు చేసుకుని, పక్క యంత్రాలకు పాకుతుంది. సొంత కంప్యూటర్లు వాడేవారిని ప్రపంచవ్యాప్తంగా మొదట కలవరపెట్టిన వైరస్‌లలో ఒకటి మన పొరుగునే పుట్టింది. 1986లో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు 'బ్రెయిన్' అనే ప్రోగ్రాం రాశారు. అది ఫ్లాపీల ద్వారా పాకింది. విచిత్రమేమంటే అందులో తమ పేర్లు, చిరునామా, ఫోను నంబరు కూడా వాళ్లే రాసి పెట్టారు. అప్పటి దొంగకు దాక్కోవాలన్న ఆలోచనే లేదు.

2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి 'ఐ లవ్ యూ' అనే మెయిలు బయలుదేరింది. ఎవరో ప్రేమలేఖ పంపారనుకుని తెరిచినవారి యంత్రాల్లో ఫైళ్లు పాడయ్యాయి. వారి పరిచయస్థులందరికీ అదే లేఖ వెళ్లింది. ఆ రోజుల్లో నష్టం అంతవరకే. ఇప్పుడు లెక్క మారింది. నేటి వైరస్‌లలో చాలా భాగం డబ్బు కోసమే. కొన్ని బ్యాంకు వివరాలు దొంగిలిస్తాయి. కొన్ని ఇంట్లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే సొమ్ము కట్టమంటాయి. ఈ రెండో రకానికి రాన్సమ్‌వేర్ అని పేరు.

మన పోలీసు కంప్యూటర్లకే తాళం

2017 మే 12న 'వానాక్రై' అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాలకు పాకింది. ఇంగ్లండులో ఆస్పత్రుల కంప్యూటర్లు ఆగిపోయి, అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ ఆ దెబ్బ తగిలింది. తెర మీద ఎర్ర రంగు పెట్టె వచ్చి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమని అడిగేది.

ఈ కథలో గ్రామస్థులు గుర్తుంచుకోవలసినది ఒక తేదీ. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ కంపెనీ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందు. ఉచితంగానే ఇచ్చింది. ఆ మరమ్మతు వేసుకున్న యంత్రంలోకి ఆ కన్నం గుండా వానాక్రై రాలేకపోయింది. వేసుకోని యంత్రాలే చిక్కాయి. తాళం ఉంది, గొళ్లెం ఉంది, వేయడమే మరిచారు.

'ఇప్పుడు పని ఉంది, తర్వాత చూద్దాం' అని అప్‌డేట్ పెట్టెను పక్కకు తోసేవాళ్లు ఈ రెండు నెలల సంగతి ఒకసారి తలచుకుంటే చాలు.

ఫైర్‌వాల్ అంటే మట్టిగోడ

ఆంటీవైరస్, ఫైర్‌వాల్ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. రెండింటి పని వేరు.

గడ్డి కప్పుల ఇళ్లు పక్కపక్కనే ఉన్న వాడలో ఒక కప్పు అంటుకుంటే పక్క కప్పుకు మంట పాకుతుంది. మధ్యలో ఎత్తుగా గోడ ఉంటే మంట అక్కడ ఆగుతుంది. ఫైర్‌వాల్ అనే పేరు అలాంటి గోడ నుంచే వచ్చింది. ఇంటర్నెట్టుకు కలిపిన ప్రతి కంప్యూటరుకు 65 వేల పైచిలుకు తలుపులు ఉంటాయి. వాటికి అంకెలే గుర్తు. ఏ తలుపు తెరవాలో, ఎవరికి తెరవాలో చూసేది ఫైర్‌వాల్. వానాక్రై వచ్చింది 445వ నంబరు తలుపు గుండా. ఒకే ఆఫీసులోని కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే తలుపు అది. ఇంట్లో ఒంటరిగా ఉన్న యంత్రం ఆ తలుపును బయటి లోకానికి తెరిచి పెట్టవలసిన అవసరమే లేదు.

ఆంటీవైరస్ లోపలి కాపలాదారు. గోడ దాటి వచ్చినవాడిని, లేదా మనమే చేయి పట్టుకుని లోపలికి తెచ్చినవాడిని పట్టుకోవడం దాని పని. ఠాణాలో పాత నేరస్థుల ఫొటోలు ఉన్నట్టే దాని దగ్గరా తెలిసిన వైరస్‌ల గుర్తులు ఉంటాయి. ప్రతి ఫైలునూ వాటితో పోల్చి చూస్తుంది. ఫొటో లేని కొత్త దొంగనైతే నడక చూసి అనుమానిస్తుంది. ఒక ప్రోగ్రాం ఉన్నట్టుండి వందల ఫైళ్లను మార్చడం మొదలుపెడితే అడ్డుకుంటుంది. కొత్త ఫొటోలు రోజూ రావాలి. ఆరు నెలలుగా ఇంటర్నెట్టు తగలని ఆంటీవైరస్ దగ్గర ఆరు నెలల నాటి ఫొటోలే ఉంటాయి.

పైసా ఖర్చు లేని కాపలా

విండోస్ 10, విండోస్ 11 ఉన్న ప్రతి కంప్యూటరులో ఈ రెండూ ముందే ఉన్నాయి. ఆంటీవైరస్ పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. ఫైర్‌వాల్ అయితే 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీసు ప్యాక్ నాటి నుంచే తనంతట తాను పనిచేసేలా వస్తోంది. వీటికి విడిగా డబ్బు కట్టనక్కర లేదు.

ఇవి మేలుకొని ఉన్నాయో లేదో చూడడం ఎవరికైనా సాధ్యమే. స్టార్ట్ బొత్తాం నొక్కి 'విండోస్ సెక్యూరిటీ' అని టైపు చేస్తే ఒక పేజీ తెరుచుకుంటుంది. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', 'ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్' అనే గుర్తుల మీద ఆకుపచ్చ టిక్కు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. పసుపు గుర్తు ఉంటే ఏదో చూడాలి. ఎర్ర గుర్తు ఉంటే వెంటనే చూడాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో 'విండోస్ అప్‌డేట్'కు వెళ్లి ఆగిపోయిన మరమ్మతులేమైనా ఉంటే వేయాలి. పది నిమిషాల పని.

బస్టాండులోనో, హోటల్లోనో, పక్కవారి వైఫైతోనో కలిపినప్పుడు 'పబ్లిక్ నెట్‌వర్క్' అని ఉందో లేదో చూసుకోవాలి. అలా ఉంటే ఫైర్‌వాల్ అపరిచితుల మధ్య ఉన్నట్టు తలుపులు బిగిస్తుంది. ఇంటికి ఫైబరు వైరు లాగినవాళ్లు గోడకు తగిలించిన వైఫై డబ్బా కూడా ఒక గోడే. దానికి కంపెనీ పెట్టిన పాస్‌వర్డు అలాగే ఉంటే, అదే రకం డబ్బా ఉన్న ప్రతివారికీ అది తెలిసే అవకాశం ఉంది. బిగించిన రోజే మార్పించుకోవడం మేలు.

ఇంట్లో పిల్లలు ఆటలాడే కంప్యూటరైతే మరో జాగ్రత్త ఉంది. రోజువారీ వాడకానికి సర్వాధికారాలున్న ఖాతా కాకుండా మామూలు ఖాతా ఒకటి తెరిచి ఇవ్వాలి. అప్పుడు పిల్లవాడు తెలియక ఏది నొక్కినా యంత్రమంతటినీ మార్చేసే పని జరిగేముందు పెద్దల పాస్‌వర్డు అడుగుతుంది.

కొనేవారు చూడవలసినవి

ఉచిత కాపలా ఉంటే మరి దుకాణాల్లో ఆ డబ్బాలెందుకు? అవి పనికిరానివేమీ కావు. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే-సెవెన్, ముంబయికి చెందిన ఈస్కాన్ మన దేశపు తయారీలే. విదేశీ కంపెనీలవీ చాలా ఉన్నాయి. ఇంట్లో మూడు, నాలుగు యంత్రాలు ఉన్నవాళ్లు, కష్టం వస్తే ఫోను చేసి అడగడానికి ఒక మనిషి కావాలనుకునేవాళ్లు, ఇంటి నుంచే వ్యాపారం లెక్కలు రాసుకునేవాళ్లు డబ్బు పెట్టి కొన్నా తప్పులేదు. కానీ కొనేముందు కొన్ని సంగతులు చూడాలి.

మొదటిది, ఎవరు పరీక్షించారన్నది. పెట్టె మీద రాసిన గొప్పలు కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నవి. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్, జర్మనీలోని ఏవీ-టెస్ట్ అనే సంస్థలు రకరకాల ఆంటీవైరస్‌లను పరీక్షించి ఫలితాలను అందరూ చూసేలా ప్రకటిస్తాయి. ఎన్ని వైరస్‌లను పట్టింది, మంచి ఫైలును దొంగ అని ఎన్నిసార్లు పొరబడింది, యంత్రాన్ని ఎంత నెమ్మది చేసింది అన్న లెక్కలు అందులో ఉంటాయి. ఉచితంగా వచ్చే డిఫెండర్ కూడా ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్షల్లో మంచి మార్కులే తెచ్చుకుంటోంది.

రెండోది, రెండో ఏడాది ధర. మొదటి ఏడాది చౌకగా ఇచ్చి, మరుసటి ఏడాది ఎక్కువ తీసుకునే పద్ధతి ఈ వ్యాపారంలో మామూలు. కార్డుతో కొన్నవారి ఖాతా నుంచి గడువు తీరగానే సొమ్ము తనంతట తానే వెళ్లే ఏర్పాటు కూడా ఉంటుంది. అక్కర లేదనుకుంటే కొన్న రోజే దాన్ని ఆపేయాలి.

మూడోది, ఉచితానికి మూల్యం. అవాస్ట్ కంపెనీ వ్యవహారం ఇందుకు ఉదాహరణ. ఆ ఆంటీవైరస్ వాడినవారు ఏయే వెబ్‌సైట్లు చూశారన్న వివరాలను దాని అనుబంధ సంస్థ ఇతరులకు అమ్మింది. సంగతి బయటపడడంతో 2020లో ఆ అనుబంధ సంస్థను మూసేశారు. 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఆ కంపెనీ నుంచి కోటీ 65 లక్షల డాలర్లు కట్టించుకునేలా ఉత్తర్వు తెచ్చింది. కంచే చేను మేసిన కథ ఇది. ఏ ఆంటీవైరస్ వేసినా, సెట్టింగ్స్‌లో వివరాలు పంచుకునే భాగాన్ని ఒకసారి చదవాలి.

నాలుగోది, ఒక ఇంటికి ఒక కాపలాదారే. భయం కొద్దీ రెండు, మూడు ఆంటీవైరస్‌లు వేస్తే అవి ఒకదాన్నొకటి దొంగ అనుకుని కలబడతాయి. యంత్రం నత్తనడక పడుతుంది. కొత్త లాప్‌టాప్‌తో కొద్ది నెలల గడువుకు వచ్చే ఆంటీవైరస్ ఒకటి ఉంటుంది. గడువు తీరాక దాన్ని అలాగే వదిలేయకూడదు. డబ్బు కట్టి కొనసాగించాలి, లేదా పూర్తిగా తీసేయాలి. తీసేస్తే డిఫెండర్ మళ్లీ పనిలోకి వస్తుంది.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. 'క్రాక్ కాపీ ఉంది, యాభై రూపాయలకు వేస్తాను' అనే మాటకు లొంగరాదు. దొంగ కాపీ ఆంటీవైరస్ వేయించుకోవడమంటే దొంగనే కాపలా పెట్టుకోవడం. దొంగ కాపీ విండోస్ కూడా అంతే. దాన్ని నడిపించేందుకు కొందరు అప్‌డేట్లనూ, డిఫెండర్‌నూ ఆపేసి ఇస్తారు. ఇంటివారికి ఆ సంగతే తెలియదు.

పెన్‌డ్రైవు తెచ్చే చుట్టం

ఊళ్లలో వైరస్ ఇంటికి చేరే దారి చాలాసార్లు ఇంటర్నెట్టు కాదు, జేబులోని పెన్‌డ్రైవు. అప్లికేషన్ ప్రింటు తీయించడానికి పట్నంలోని జిరాక్సు దుకాణానికి పిల్లవాడు పెన్‌డ్రైవు తీసుకెళతాడు. అక్కడి యంత్రానికి రోజూ పదుల పెన్‌డ్రైవులు తగులుతాయి. ఇంటికి వచ్చి చూస్తే ఫోల్డర్లు మాయమై, వాటి స్థానంలో బాణం గుర్తున్న షార్ట్‌కట్లు కనిపిస్తాయి. వాటిని నొక్కగానే వైరస్ ఇంటి యంత్రంలో దిగుతుంది.

పెన్‌డ్రైవు పెట్టగానే తెరవకుండా, దాని గుర్తు మీద కుడి బొత్తాం నొక్కి ముందు స్కాన్ చేయించాలి. ప్రింటుకు తీసుకెళ్లే ఫైళ్ల కోసం విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవు ఉంచుకుని, ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్లు అందులో పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

ఈ విషయంలో మన జిల్లాలోనే ఒక పని జరిగింది. మహేశ్వరం వైపు హార్డ్‌వేర్ పార్కులో సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాదు కేంద్రం ఉంది. పెన్‌డ్రైవుల వాడకాన్ని అదుపు చేసే 'యూఎస్‌బీ ప్రతిరోధ్' సీ-డాక్ తయారుచేసినదే. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర'ను ప్రారంభించినప్పుడు దీన్ని ప్రజలకు ఉచితంగా ఇచ్చారు. వైరస్ సోకిన యంత్రాన్ని శుభ్రం చేసే సాధనాలు కూడా ఆ కేంద్రం వెబ్‌సైటులో పైసా లేకుండా దొరుకుతాయి.

ఏ గోడా ఆపలేని ఫోను

ఇంటివాళ్లే తలుపు తెరిచి పిలిస్తే కాపలాదారు ఏం చేస్తాడు? ఈ రోజుల్లో పెద్ద మోసాలు ఆ దారినే జరుగుతున్నాయి.

కంప్యూటరులో ఏదో చూస్తుండగా హఠాత్తుగా తెర నిండా ఎర్ర పెట్టె వస్తుంది. కూ అని మోత. 'మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అని రాసి ఉంటుంది. ఫోను చేస్తే అవతలివాడు పెద్ద కంపెనీ ఇంజనీరులా మాట్లాడి, ఒక యాప్ వేయించి, యంత్రాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. లేని వైరస్‌ను చూపించి డబ్బు గుంజుతాడు, లేదా బ్యాంకు ఖాతా తెరిపిస్తాడు.

ఈ మోసం గొలుసులో ఒక కొస తెలుగు గడ్డ మీద కూడా బయటపడింది. 2024 సెప్టెంబరులో సీబీఐ పుణె, హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో 32 చోట్ల సోదాలు చేసి 26 మందిని అరెస్టు చేసింది. కంప్యూటరు మరమ్మతు చేసే టెక్నికల్ సపోర్టు మనుషులమని చెప్పి అమెరికాలోని వారికి ఫోన్లు చేసి సొమ్ము కాజేస్తున్న కాల్ సెంటర్లపై ఆ దాడులు జరిగాయి. అక్కడి ముసలివాళ్లను ఇంగ్లీషులో భయపెట్టే పాఠాన్నే ఇక్కడ తెలుగులో చెప్పేవాళ్లూ ఉంటారు. దూరం నుంచి యంత్రాన్ని నడిపించే ఎనీడెస్క్ యాప్‌ను మోసగాళ్లు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. యాప్ తప్పు కాదు, ఎవరికి తలుపు తీశామన్నదే ప్రశ్న.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవచ్చు. నిజమైన వైరస్ హెచ్చరిక పెట్టెలో ఫోను నంబరు ఉండదు. కంప్యూటరు కంపెనీ ఏదీ తనంతట తాను ఇంటికి ఫోను చేసి 'మీకు వైరస్ సోకింది' అని చెప్పదు. తెర అలా నిలిచిపోతే ఇంటర్నెట్టు తీసేసి, ఆ పేజీని మూసేయాలి. మూతపడకపోతే యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాలి. 'ఏదో ఎర్రగా వచ్చింది బిడ్డా' అని తండ్రి ఫోను చేస్తే, నగరంలోని కొడుకు చెప్పవలసిన మొదటి మాట ఒకటే: 'నాయినా, ఆ నంబరుకు ఫోను చెయ్యకు. ముందు వైఫై బంద్ చెయ్యి.'

విత్తనాలు పాతరలో దాచినట్టు

ఎంత కాపలా పెట్టినా ఒక్కోసారి దొంగ పడతాడు. అప్పుడు ఇంటిని నిలబెట్టేది వేరే చోట దాచిన ప్రతి.

2019లో ఏప్రిల్ నెలాఖరున తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రంగారెడ్డి జిల్లాకు కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కం కూడా అందులో ఉంది. వెబ్‌సైట్లు ఆగిపోయాయి. అయినా వివరాల ప్రతి వేరేగా ఉండడంతో మళ్లీ నిలబెట్టుకోగలిగారు.

రైతు ఇంట్లో ఈ తెలివి ఎప్పటినుంచో ఉంది. తిండిగింజలు, విత్తనాలు ఒకే గాదెలో పోయరు. గాదెకు పురుగు పట్టినా విత్తనం మిగలాలని విడిగా దాస్తారు. కంప్యూటరులోని సర్టిఫికెట్లు, భూమి కాగితాల నకళ్లు, ఫొటోలు కూడా అంతే. బయటి హార్డ్‌డిస్కు ఒకటి కొని, నెలకోసారి వాటిని అందులోకి ఎక్కించి, వెంటనే వైరు తీసి బీరువాలో పెట్టాలి. వైరు తీయకుండా యంత్రానికే తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేస్తుంది. మరో ప్రతి నగరంలోని కొడుకు దగ్గరో, కూతురి దగ్గరో ఉంటే ఇంకా నిశ్చింత. ఏటా ఆంటీవైరస్‌కు పెట్టే డబ్బు ఒక ఏడాది ఆ హార్డ్‌డిస్కుకు పెడితే చాలా ఇళ్లకు ఎక్కువ మేలు జరుగుతుంది.

పాత యంత్రాల సంగతి

నగరం నుంచి ఊళ్లకు చేరే లాప్‌టాప్‌లలో పాతవి ఎక్కువ. ఇక్కడే అసలు చిక్కుంది. విండోస్ 7కు మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇంటి వాడకందార్లు విడిగా నమోదు చేసుకుంటే భద్రతా మరమ్మతులు మాత్రం మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు ఇచ్చే ఏర్పాటును కంపెనీ ప్రకటించింది. అప్పుడు యంత్రం నడుస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా పడిన కన్నాలను పూడ్చేవాడు ఉండడు. పైన ఎంత ఖరీదైన ఆంటీవైరస్ వేసినా పునాదిలో కన్నం కన్నమే.

యంత్రం తట్టుకోగలిగితే విండోస్ 11కు మార్చుకోవచ్చు. తట్టుకోలేని పాత యంత్రాలకు లినక్స్ ఉంది. అది ఉచితం, మరమ్మతులూ వస్తుంటాయి, పాత యంత్రాల మీద తేలికగా నడిచే రకాలూ ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసి పంచారు. చదువుకు, ఉత్తరాలకు, వెబ్‌సైట్లు చూడడానికి అది సరిపోతుంది. కొన్ని ప్రత్యేక ప్రోగ్రాంలు మాత్రం అందులో నడవవు కనుక ముందు పనులేమిటో చూసుకుని మారాలి.

దొంగ పడితే

తాళం పడిన ఫైళ్లు కనిపిస్తే ముందు ఇంటర్నెట్టు వైరు తీయాలి, వైఫై ఆపాలి. పక్క యంత్రాలకు పాకకుండా అది అడ్డుకుంటుంది. అడిగిన సొమ్ము కడితే ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ ఏమీ లేదు. యూరప్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' అనే వెబ్‌సైటులో కొన్ని రకాల తాళాలకు చెవులు ఉచితంగా దొరుకుతాయి. ఎవరికైనా సొమ్ము కట్టేముందు అక్కడ వెతకడం మంచిది.

బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు. 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకుకు చెప్పి ఖాతాను నిలిపివేయించాలి. ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు చేతులు మారిపోకముందే ఫిర్యాదు చేరితే పట్టి ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ అవకాశం కూడా పోతుంది. మోసపోయినవారిలో చదువుకున్నవాళ్లూ, పెద్ద ఉద్యోగులూ చాలామంది ఉన్నారు.

ఊళ్లో కంప్యూటరు చూసిపెట్టే మనిషి లేని ఇళ్లు చాలా ఉన్నాయి. గ్రామ పంచాయతీలు, గ్రంథాలయాలు నెలకొక రోజు ఇందుకు కేటాయించి, చదువుకున్న కుర్రాళ్లతో ఇంటింటి యంత్రాలను చూపిస్తే ఎంతో మేలు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. దసరాకు, సంక్రాంతికి నానక్‌రామ్‌గూడ నుంచి ఊరికి బస్సెక్కే కుర్రాళ్లు కొత్త బట్టలతోపాటు పది నిమిషాల తీరిక తీసుకెళ్లినా చాలు. ఆగిపోయిన అప్‌డేట్లు వేసి, ఆకుపచ్చ టిక్కు పడిందో లేదో చూసి, అమ్మానాన్నల ఫొటోలు, కాగితాలు ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, 1930 అంకెను గోడ మీద కాలెండరు పక్కన రాసి రావచ్చు.